తప్పిపోయినవాళ్ళ పేజీ

ఆ ఎండాకాలం మొదలయ్యేనాటికి నేను తయారుచేయాలనుకున్న వెబ్‌సైటు నా కథల కోసం. తెలుగు ఎం.ఏ.లో సృజనాత్మక రచన తీసుకున్నాను. రాసినవి అయిదారు కథలు, అచ్చయినవి రెండు. అవి కూడా ఎవరి కంటా పడలేదన్న దిగులు ఉండేది. అందుకని సెలవులివ్వగానే తిరుపతి భవానీనగర్‌లో దయానంద్ సార్ చెప్పే వెబ్ డిజైన్ క్లాసులో చేరాను. మేడమీద రేకుల గది. పొద్దెక్కితే కంప్యూటర్ల కంటే ముందు మనుషులు వేడెక్కేవాళ్ళు.

మొదటి వారమంతా సార్ మమ్మల్ని కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. తెల్లకాగితాలు పంచి గీయమన్నారు.

"మీ సైటుకు వచ్చేది ఎవురు? ఎందుకొస్తాడు? వచ్చినోడు ఏం చేసి పోవాల? ఇవి చెప్పలేకపోతే తక్కినవన్నీ ఉత్త రంగులే" అనేవారు.

నేను గళ్ళు గీశాను. పైన నా పేరు, కింద నా ఫొటో, పక్కన 'నా కథలు', 'నా గురించి', 'సంప్రదించండి'. వచ్చేదెవరు అన్నచోట 'పాఠకులు' అని రాశాను. సార్ ఆ మాట చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, "ఏ పాఠకుడమ్మా? వాడి మొగమెట్ల ఉంటాది?" అని అడిగి పక్క బెంచీకి వెళ్ళిపోయారు. 

ఆ ఆదివారమే కార్వేటినగరం నుంచి పెదనాయన వచ్చాడు.

జీవకోనలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన అమ్మ కుట్టుమిషను, దానికి ఎదురుగా అవ్వ మంచం. అమ్మ లోకేశ్వరి వీధిలో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుడుతుంది. అవ్వ పోలేరమ్మ మా నాయన తల్లి. ఒక కన్నుకు ఆపరేషనయింది, రెండోదానికి ఒప్పుకోలేదు.

మా నాయన మునిశేఖర్ లారీ డ్రైవరు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా టమాటా లోడుతో చెన్నైకి పోయాడు. తిరిగి వస్తూ తడ దగ్గర హైవే పక్కన టీ తాగుదామని బండి ఆపాడు. తోడు వెళ్ళిన పాల్ మామ బండిలోనే కునుకు తీస్తున్నాడు. లేచేసరికి నాయన లేడు. తాళంచెవి బండికే ఉంది. టీ అంగడివాడు గ్లాసు తిరిగిచ్చి పోయినాడన్నాడు. అంతే. స్టేషన్లు, ఆసుపత్రులు, చివరికి శవాలగదులు కూడా తిరిగారు. ఎక్కడా మా నాయన లేడు.

పెదనాయన మునిప్రసాద్ కుర్చీ అంచున కూర్చుని, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ చాలాసేపు వేడి గురించి మాట్లాడాడు. తర్వాత అసలు సంగతి ఎత్తాడు.

"అమ్మా లోకేశ్వరీ, ఏడేండ్లు దాటిపాయె. పంతుల్ని అడిగినా. చేయొచ్చునన్నాడు. ఆషాఢం, ఆ ఆడి నెల వచ్చేలోగా కర్మ చేసేస్తాం."

మిషను ఆగింది.

"చూసినోళ్ళు ఎవురు బావా?" అంది అమ్మ.

"ఏంది?"

"ఆయన పోయింది చూసినోళ్ళు ఎవురని."

పెదనాయన తలొంచుకున్నాడు. "నా తమ్ముడమ్మా వాడు. నా చేత్తో చేయాలని నాకు మాత్రం ఉంటాదా? ఊర్లో ఇంటింటికీ ఒక మాట అంటా ఉండారు. ఎన్నాళ్ళని ఇట్ల?"

మంచం మీది నుంచి అవ్వ అందుకుంది. "చేయనీమ్మే లోకేసూ. నా బిడ్డ యాడో ఆకలితో తిరగతా ఉంటాడు. వాని పేరున పిడికెడన్నం పెట్టుకోనీండి నన్ను."

"తిరగతా ఉంటే అన్నం ఆయనకే పెట్టల్ల గదత్తా. కాకులకెందుకు?"

 అమ్మ లేచి పెదనాయనకు అన్నం వడ్డించింది.  పెదనాయన వెళ్తూ వెళ్తూ నాతో, "ఎండలు తగ్గనీ పాపా. అంతలోకి మీ అమ్మకు మనసు కుదటపడతాదిలే" అన్నాడు.

మరునాడు క్లాసులో పాత కాగితం మడిచి సంచిలో పెట్టేసి కొత్తది తీసుకున్నాను. ఒకటే గడి గీశాను. అందులో మా నాయన ఫొటో. వచ్చేది ఎవరు అన్నచోట 'మా నాయనను ఎక్కడో ఒకచోట చూసినవాళ్ళు' అని రాశాను.

సార్ అది చదివి నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. పాఠం చెప్పే గొంతుతో కాదు, మామూలుగా మాట్లాడారు. "అయితే ఫొటో పెద్దది పెట్టు. అక్షరాలు పెద్దవి. చూసేవాడు లారీలో కూర్చోని చిన్న ఫోన్లో చూస్తాడు. నంబరు ప్రతిచోటా కనపడాల, వేలు పెడితే కాల్ పోవాల. తమిళంలో కూడా ఉండాల, నేను రాయించి ఇస్తా. కదిలే బొమ్మలు, సోకులు ఏవీ వొద్దు."

పని తెలిసిపోయింది కాబట్టి చేతులు ఆగలేదు. ఆగింది ఒక్క రాత దగ్గరే. వ్యాకరణం నాకు కొత్త కాదు, కాని 'మునిశేఖర్ పొడవుగా ఉంటారు' అని రాయాలా, 'ఉండేవారు' అని రాయాలా అన్నదగ్గర ఒక పొద్దంతా పోయింది. చివరికి 'ఉంటారు' అనే రాశాను. తర్వాత కలం దానంతటదే నడిచింది. నాయన లేని పండగల గురించి, వాకిట్లో ఆగిన ప్రతి లారీ శబ్దానికీ ఉలిక్కిపడే మా ఇంటి గురించి, రెండు పేజీలు రాశాను. రాస్తూ ఏడ్చాను కూడా. ఇంతకంటే మంచి రచన నేను చేయలేదనుకున్నాను.

అమ్మకు చదివి వినిపించాను. ఆమె గుండీలు కుడుతూ వింది. అయిపోయాక దారం పంటితో తెంచింది.

"బాగా రాసినావు పాపా. అయితే ఇదంతా మన బాధ. మీ నాయన యాడుండాడు ఇందులో?"

నేను రోషంతో, "పొడుగు, రంగు, అన్నీ ఉన్నాయి గదా" అన్నాను.

అమ్మ ఇంకో గుండీ తీసుకుంది. అది పూర్తయ్యేదాకా ఆగి, చూపు పని మీదినుంచి ఎత్తకుండా చెప్పడం మొదలుపెట్టింది.

"ముందు పన్ను కొంచెం ఇరిగి ఉంటాది. నగేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. కుడిచెవికి వినపడేది తక్కువ, ఎంజిను పక్కనే కూర్చోని అట్లయింది. ఆ పక్కనుంచి పిలిస్తే పలకడు. కొత్త తావులో చెప్పులు ఇప్పితే రెండూ తలకిందులు చేసి పెడతాడు, ఎవురూ ఏసుకోని పోకుండా. టీ కంటే ఉత్త వేణ్ణీళ్ళు ఊదుకుంటా తాగేది ఇష్టం. ఎడం రెక్క కింద కాలిన మచ్చ. పొనుకుంటే అరిచెయ్యి చెంపకింద పెట్టుకుంటాడు, సంటిబిడ్డ మాదిరి."

అక్కడ ఆగిపోయి, ఏదో చెప్పకూడనిది చెప్పినట్టు ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఇన్నేళ్ళలో అమ్మ నాయన గురించి ఒక్కసారి అంత మాట్లాడడం నేను వినలేదు. మంచం మీద అవ్వ కూడా కదలకుండా పడుకుని వింటోంది.

నేను రాసిన రెండు పేజీలూ కొట్టేశాను. అమ్మ చెప్పినవి చెప్పినట్టు పెట్టాను. కింద అమ్మ నంబరే ఇచ్చాను. నా నంబరు ఇస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "ఆయనే చేస్తే? నా గొంతైతే తెలస్తాది" అంది.

సైటు తెరిచిన రోజు పాల్ మామకు లింకు పంపాను. తడలోనే ఉంటాడాయన. ఆ రోజు నిద్రపోయినందుకు తనను తానే తిట్టుకుంటూ, ఇప్పటికీ ఆ టీ అంగడి ముందు బండి ఆపని మనిషి. లారీవాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నింటిలో పెట్టాడు. నెల్లూరు నుంచి కృష్ణగిరి దాకా పోయింది.

ఫోన్లు రాసాగాయి. అమ్మ సెల్లును మిషను బల్లమీద, కత్తెర పక్కన పెట్టుకునేది. కొందరు నిజంగా సాయం చేద్దామని చేసేవాళ్ళు. కొందరు ఊరికే. ఒకడు తాగి చేసి తానే మా నాయనైనట్టు మాట్లాడబోయాడు. అమ్మ అతను చెప్పేదంతా విని, "ఇంటికి పోయి పొనుకో నాయనా. నీకోసం కూడా ఎవురో చూస్తా ఉంటారు" అని పెట్టేసింది. ఆ పూట మాత్రం ఆమె మిషను ముందు కూర్చుందే గాని తొక్కలేదు.

మామిడికాయల లోడ్లు చిత్తూరు రోడ్డంతా నిండిన రోజుల్లో పాల్ మామ చేశాడు. తడ దాటి తమిళనాడు వైపు, దిక్కులేనివాళ్ళను పెట్టుకునే ఆశ్రమం ఒకటుందట. అక్కడ పేరు చెప్పలేని తెలుగాయన ఒకడున్నాడట. తడ రైల్వే స్టేషన్లో దొరికాడట. పన్ను విరిగి ఉందట. కుడిపక్క పిలిస్తే పలకడట.

"అమ్మణ్ణీ, నేనింగా చూడలేదు. ఒంటిగా చూసేదానికి నాకు దైర్యం చాల్లేదు. మీరు రాండి, కలిసే పోదాం" అన్నాడు.

అవ్వను వద్దన్నాం. వినలేదు. చలువచేసిన తెల్లచీర కట్టుకుని అందరికంటే ముందు వాకిట్లో నిలబడింది. కాళహస్తి మీదుగా బస్సులో తడకు, అక్కడి నుంచి పాల్ మామ తెచ్చిన ఆటోలో ఆశ్రమానికి.  దారిలో అవ్వ కొడుకు చిన్నప్పుడు కార్వేటినగరం కోటగోడ ఎక్కి దిగలేక ఏడ్చిన సంగతి మొదటిసారి చెబుతున్నట్టు చెప్పింది.

ఆశ్రమం చూసుకునే తమిళామె మమ్మల్ని వెనక వరండాలోకి తీసుకుపోయింది. సిమెంటు తిన్నె మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. గీసిన గడ్డం, తెల్లచొక్కా, నుదుట విభూతి. అక్కడ ఆయన్ని మణి అని పిలుస్తారట.

అమ్మ వరండా మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఆమె కాలు ఆగిన తీరు చూసి ఆ మనిషి నాయన కాదని నాకు అర్థమయింది.

కాని అవ్వ ఆగలేదు. తడుముకుంటూ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ఆయన అవ్వను చూసి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు, "ఎప్పుడొస్తిరి? అన్నం తింటిరా?" అన్నాడు. అచ్చం మా మాటే. ఆ మాట చెవిన పడగానే అవ్వ రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుంది.

"శేఖరా! యాడికి పోతివి రా నాయనా? ఇంత సన్నంగా అయిపోతివే. శేఖరా!"

ఆయన కాదనలేదు. అవుననలేదు. చెయ్యి వదిలించుకోలేదు. పాల్ మామ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను అమ్మవైపు చూశాను, చెప్పు అన్నట్టు. అమ్మ చెప్పలేదు. మెల్లగా వెళ్ళి వాళ్ళ ముందు నేలమీద కూర్చుంది. అవ్వ ఆయన తల నిమిరింది, చెంపలు నిమిరింది, పొద్దున చేసి కట్టుకొచ్చిన చిత్రాన్నం విప్పి ముద్దలు చేసి పెట్టింది. ఆయన తిన్నాడు. ఒక్కో ముద్దకూ నోరు తెరిచి, బిడ్డలా తిన్నాడు.

అమ్మ కొంగు తిన్నె మీద పడి ఉంది. తింటూనే ఆయన ఎడమచేత్తో ఆ కొంగు అందుకున్నాడు. అంచు ఒకచోట ఊడి దారాలు పీకులు వచ్చాయి. ఆ పీకులు తీసేసి, అంచును లోపలికి రెండు మడతలు మడిచి, బొటనవేలి గోటితో గట్టిగా గీత పెట్టాడు. జరిగి ఇంకో చోట మడిచాడు. మళ్ళీ గీత. అమ్మ ఆ వేళ్ళవంకే చూసింది.

అన్నం అయిపోయింది. ఎండ వాలింది.

"అత్తా, పొద్దుపోతా ఉండాది. లేయండి" అంది అమ్మ.

"వీన్ని తీసుకోని పోదాం లేమ్మే. ఆ గుడ్డలవీ సర్దు."

అమ్మ అవ్వ మోకాలి మీద చెయ్యి వేసింది. "ఈయన మన మనిషి కాదత్తా."

అవ్వ ఉలిక్కిపడలేదు. ఆయన నోటికంటిన పసుపు మెతుకు తన కొంగుతో తుడిచింది. "తెలుసులేమ్మే" అంది. "చెయ్యి పట్టుకోంగానే తెలిసిపాయె. కాదనేదానికి నోరు రాలే."

ఆటోలో అవ్వ నా భుజం మీద తలవాల్చి కళ్ళు మూసుకుంది. తడలో బస్సు ఎక్కాక అమ్మ నావైపు తిరిగింది.

"ఆయన ఫొటో తీసినావా?"

"తీసినా అమ్మా. ఆ ఆశ్రమం ఆమెను అడిగే తీసినా."

"మీ నాయన ఫొటో కిందనే పెట్టు. టైలరు పని తెలిసిన మనిషి అని రాయి. చేతికి గుడ్డ దొరికితే అంచు మడిచి గోటితో గీత పెడతాడని రాయి. అన్నం తింటిరా అని అడగతాడని రాయి."

"పేరు లేకుండా ఎట్లమా?"

"పేరు తెలిస్తే ఆడెందుకుంటాడు? ఆయన కోసరం కూడా ఒకతి బొట్టు పెట్టుకోనే ఉంటాది."

మరునాడు క్లాసులో ఆ ఫొటో పెట్టడానికి నేను గీసుకున్న గళ్ళు చాలలేదు. ఒక మనిషి కోసం కట్టిన పేజీలో ఇంకొకరికి చోటు లేదు. దయానంద్ సార్, నేను కూర్చుని మొత్తం విప్పి మళ్ళీ కట్టాం. ఎందరైనా పట్టేటట్టు, ఒకరి కింద ఒకరు. పైన మా నాయన పేరుండే చోట పేరు తీసేసి 'తప్పిపోయినవాళ్ళు' అని పెట్టాల్సి వచ్చింది. అది పెట్టేటప్పుడు నా చెయ్యి కాస్త ఆగింది. 

తొలకరి పడే ముందు చిత్తూరు నుంచి ఫోనొచ్చింది. ఒక అమ్మాయి గొంతు. మాట పూర్తికాకుండానే ఏడుపు. వెనక ఇంకెవరో ఫోను లాక్కుని, "అమ్మా, గుడ్డ మడిచేది మీరు కండ్లతో చూసినారా? మీరే చూసినారా?" అని అదే అడుగుతున్నారు. అమ్మ, "నా కొంగే మడిచినాడు" అంది.

ఆయన పేరు నూర్ అహ్మద్. చిత్తూరులో టైలరంగడి. కొన్నేళ్ళ కిందట, మతిమరుపు మొదలైన రోజుల్లో చెన్నైలో పెళ్ళికి పోయి స్టేషన్ జనంలో తప్పిపోయాడు. ఆయన భార్య గౌసియా బీ, కూతురు ఆశ్రమానికి పోయి, కాగితాల పని ముగించుకుని, ఆయన్ని ఇంటికి తీసుకుపోతూ తిరుపతిలో దిగి మా ఇంటికి వచ్చారు.

గౌసియా బీ సన్నగా, పొట్టిగా ఉంది. వచ్చీరాగానే అమ్మ రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. నూర్ అహ్మద్‌ను కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయన మిషను వైపు ఒకసారి చూసి, తర్వాత ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

"పోలీసోళ్ళు రంగు రాసుకున్నారు, పొడుగు రాసుకున్నారు. అట్లాటోళ్ళు వెయ్యిమంది" అంది గౌసియా బీ. "నుదుట విభూతి చూసి ముందు నేనే కాదంటి. మీరు రాసింది మా అమ్మాయి చదివి 'అబ్బా' అని నాయన్ని పిలస్తా అరిచింది. పెండ్లయిన కొత్తలో నా దుపట్టాలన్నీ అట్లనే మడిచి పాడుచేసినోడమ్మా."

"మిమ్మల్ని చూసి ఏమన్నాడు?" అని అడిగాను. అడిగాక, అడగకుండా ఉండాల్సింది అనిపించింది.

"ఈమె ఎవురు అన్నాడు." ఆమె నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గుర్తుపట్టకపోతే ఏమమ్మా. నేను గుర్తుపట్టినాను గదా. ఇద్దరిలో ఒకరు గుర్తుపడితే చాలు."

మంచం మీది నుంచి అవ్వ, "ఇన్నేండ్లు ఎట్లుంటివమ్మా?" అంది.

"ఉంటి అవ్వా. మా వాళ్ళు ఇద్దత్ కూర్చోమన్నారు. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పైన గడప దాటకుండా కూర్చోవాల మాలో. నువ్వు కూర్చో, ఆయన ఆత్మకు నిమ్మళంగా ఉంటాదన్నారు. తప్పుగా అనలేదు వాళ్ళు, నామీద ప్రేమతోనే అన్నారు. కాని నేను కూర్చోలే. నా మనసుకు ఆయన పోలేదు, ఎట్ల కూర్చునేది?"

అవ్వ మంచం మీద లేచి కూర్చుని ఆమెవైపే చూసింది. వెళ్ళేటప్పుడు నూర్ అహ్మద్ గుమ్మంలో నిలబడి మా ముగ్గురినీ చూసి, "అన్నం తింటిరా?" అన్నాడు. తిన్నామని చెప్పింది అమ్మ. గౌసియా బీ ఆయన చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది. అమ్మ వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చి, పెదనాయనకు ఫోను చేసింది.

"బావా, పంతుల్ని పిలిపించండి. అత్త అన్నం పెట్టుకోనీండి. మేమొస్తాం."

నేను నమ్మలేకపోయాను. గొడవకు దిగాను. ఇప్పుడే ఒక మనిషి దొరికాడు, ఇప్పుడే ఎందుకమ్మా అన్నాను. అమ్మ నాకు అడ్డం చెప్పలేదు. "ఆ పొద్దు ఆ పరాయి మనిషికి మీ అవ్వ ముద్దలు పెట్టేది చూసినా గదా లోహితా. ఇన్నేండ్లు నా పంతం కోసరం ఆమె చేతిని ఆపినా. ఆమెకు పెట్టుకునేదానికి ఏదో ఒకటి కావల్ల" అంది.

"మరి నీకు?"

అమ్మ మిషను మీద గుడ్డ కప్పింది. "నాది నేను చూసుకుంటా."

కార్వేటినగరంలో పెదనాయన మామిడితోటలో, బావి పక్కన కర్మ జరిగింది. కోత అయిపోయి చెట్లు ఖాళీగా ఉన్నాయి. నాయన లేడు కాబట్టి దర్భలతో ఒక రూపం చేశారు. పెదనాయన తడిపంచెతో కూర్చుని పంతులు చెప్పినట్టల్లా చేశాడు. పేరు పలకాల్సి వచ్చినప్పుడు రెండుసార్లు మధ్యలో ఆగి మళ్ళీ మొదటినుంచి పలికాడు. అవ్వ తన చేత్తో వండిన అన్నం, నాయనకిష్టమైన వంకాయ పులుసు, ఆకులో పెట్టి గట్టు మీద ఉంచింది. కాకులు వచ్చి తిన్నాయి. అవ్వ కళ్ళు చికిలించి అవి తినే తీరంతా చూసింది.

అమ్మ ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. ఎర్రగా బొట్టు, చేతులనిండా గాజులు. చుట్టాలు ఆమెను చూసి చూపు తిప్పుకుంటున్నారు. అంతా అయ్యాక పెదనాయన భార్య చంద్రకాంతమ్మ పెద్దమ్మ, ఇద్దరు ముసలమ్మలను వెంటబెట్టుకుని, చెంబుతో నీళ్ళు తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చింది. పెద్దమ్మ కళ్ళు వాచి ఉన్నాయి. ఆమెకూ ఆ పని ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. వంగి అమ్మ చెయ్యి అందుకుంది.

నేను లేవబోయాను. అంతకంటే ముందు అవ్వ గొంతు వినిపించింది.

"దాని చెయ్యి వొదులు."

పెద్దమ్మ తెల్లబోయింది. "అదెట్లత్తా? కర్మ అయిపాయె గదా."

అవ్వ గట్టు దిగి వచ్చింది. ఎవరూ పట్టుకోకుండానే వచ్చింది. అమ్మకూ పెద్దమ్మకూ మధ్య, తడినేలలోనే కూర్చుంది.

"నా కడుపు కోసరం నేను పెట్టుకున్న అన్నం ఇది. నాకు నా బిడ్డ పోయినాడు. దానికి దాని మొగుడు ఇంగా పోలేదు. దాని బొట్టు జోలికి ఎవురూ పోవాకండి."

"లోకం ఏమంటాది అమ్మా?" అంది ముసలమ్మల్లో ఒకామె.

"అననీ. నేనుండా."

పంతులు తన సామాను సంచిలో సర్దుకోవడంలో మునిగిపోయాడు. పెద్దమ్మ కాసేపు అలాగే వంగి నిలబడి, చెంబులో నీళ్ళు మామిడిచెట్టు మొదట్లో పోసేసి, అమ్మ పక్కనే చతికిలబడి ఏడ్చింది. అమ్మే ఆమెను ఓదార్చింది. పెదనాయన దూరం నుంచి ఇదంతా చూశాడు. "అన్నాలకు లేయండి, పొద్దుపోయింది" అని అందరినీ కేకేశాడు.

సాయంత్రం మమ్మల్ని బస్సెక్కించడానికి ఆయనే వచ్చాడు. అవ్వ, అమ్మ షెల్టరులో బెంచీ మీద కూర్చున్నారు. పెదనాయన నన్ను పక్కకు పిలిచాడు. గుండు చేయించుకున్న తలమీద తువ్వాలు సర్దుకున్నాడు.

"ఆ కంప్యూటర్లో వాని ఫొటో పెట్టినావంట గదా పాపా."

"అవును పెదనాయనా." తీసేయమంటాడని, ఏం చెప్పాలా అని మాటలు కూడదీసుకున్నాను. "అది ఉండనీండి."

"తీసేయమని ఎవురన్నారు?" అన్నాడు. జేబులోంచి తన పాత ఫోను తీసి, వెనక తన నంబరు రాసి అంటించుకున్న చీటీ నాకు కనిపించేలా పట్టుకున్నాడు. "మీ అమ్మ నంబరొకటే పెట్టినావంట. ఒకవేళ అది కలవకపోతే? నాది కూడా రాయి, దానికిందనే."

తిరుపతి బస్సు మలుపు తిరిగి వస్తోంది. నేను నిలబడే ఆయన నంబరు ఎక్కించుకున్నాను. ఆయన ఒక్కో అంకె మెల్లగా చెప్పి, నేను సరిగా రాసుకున్నానో లేదో మళ్ళీ నా చేత చదివించుకుని విన్నాడు.